మూలన పడ్డ పాత స్పిన్నింగ్ రీలును మళ్లీ తిప్పడం ఎలా? మిచెల్ 300 విప్పి, కడిగి, బిగించే పద్ధతి

చేపల వేటలో గాలం దారాన్ని (లైనును) చుట్టుకునే పాత రీలు చేతికి రాగానే చాలామంది దొరికిన స్ప్రేను సందుల్లోంచి లోపలికి కొట్టి హ్యాండిల్‌ను గిరగిరా తిప్పేస్తారు. ఆ పని చేయకండి. లోపల దశాబ్దాల కిందటి గ్రీజు ఎండి మైనంలా గట్టిపడి ఉంటుంది. స్ప్రే దాన్ని సగమే కరిగిస్తుంది. అందులో ఇరుక్కున్న ఇసుక, లోహపు పొడి అంతా గేరు పళ్ల మధ్యకు చేరుతుంది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్నా బాగానే ఉన్న గేరు ఆ పది తిప్పులకే గీరుకుపోతుంది. నిజంగా అరిగిపోయి పనికిరాకుండా పోయిన పాత రీళ్లు తక్కువ. ఎండిన గ్రీజు, విరిగిన స్ప్రింగు, గట్టిపడ్డ డ్రాగ్ వాషర్లు (చేప గట్టిగా లాగితే లైను తెగకుండా జారనిచ్చే బ్రేకు బిళ్లలు): ఈ మూడూ సరిచేస్తే ఎక్కువ రీళ్లు మళ్లీ నీటి గట్టుకు వెళతాయి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది మిచెల్ 300. ఫ్రాన్స్‌లో గడియారాల పనికి పేరున్న క్లూజ్ పట్టణంలో కార్పానో అండ్ పాన్స్ కంపెనీ దీన్ని తయారుచేసింది. అమెరికాలో గార్సియా కంపెనీ అమ్మింది కాబట్టి చాలావాటి మీద రెండు పేర్లూ కనిపిస్తాయి. కోడిగుడ్డును అడ్డంగా పెట్టినట్టుండే నల్లటి బాడీ దీని గుర్తు. 300కు హ్యాండిల్ ఎడమ వైపు ఉంటుంది. అదే రీలు కుడి హ్యాండిల్‌తో వస్తే దాని నంబరు 301. చిన్న సైజువి 308, 309. అమెరికాలోని పెన్ కంపెనీ 704 జెడ్, స్వీడన్‌లో ఆబూ చేసిన కార్డినల్ 3, 4 కూడా ఇప్పటికీ బాగు చేసుకుని వాడదగ్గవే. వాటిలో గేరు అమరిక వేరు, మరలా మెలికలు తిరిగిన పళ్లుండే వార్మ్ గేరు ఉంటుంది. అయినా కడగడం, పరీక్షించడం, గ్రీజు పెట్టడం అన్నిటికీ ఒకే తీరు.

విప్పకముందు చూడాల్సినవి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు పది నిమిషాలు రీలుతో కూర్చోండి. ఇప్పుడు రాసిపెట్టుకున్నదే తర్వాత జబ్బు ఎక్కడుందో చెబుతుంది.

హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. కదలకపోతే బలం పెట్టకండి, అలాగే వదిలేయండి. తిరుగుతుంటే చప్పుడు వినండి. ఏదైనా తగులుతున్నట్టుంటే, హ్యాండిల్ ఒక చుట్టుకు ఎన్నిసార్లు తగులుతోందో లెక్కపెట్టండి. చుట్టుకు ఒక్కసారే అయితే లోపం ప్రధాన గేరులో లేదా హ్యాండిల్ ఇరుసులో ఉంది. మూడు, నాలుగు సార్లు, అంటే రోటర్ (లైను చుట్టడానికి తిరిగే ముందరి గిన్నె) తిరిగినప్పుడల్లా తగులుతుంటే దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌లోనో, రోటర్ ఎక్కడో రాసుకోవడంలోనో ఉంది. ఒక్క పన్ను విరిగిన ప్రధాన గేరును వెతుకుతూ రీలంతా విప్పాల్సిన పని ఈ చిన్న లెక్కతో తప్పుతుంది.

తర్వాత వెనక్కి తిరగకుండా ఆపే మీట వేసి హ్యాండిల్‌ను వెనక్కి నెట్టి చూడండి. బెయిల్ (లైనును పట్టి నడిపే తీగ కమాను) తెరిచి, హ్యాండిల్ తిప్పి, అది టక్కున పడుతోందో లేదో చూడండి. లైను చుట్టుకునే స్పూలును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కొద్దిగా వదులు సహజమే. స్పూలు ముందుకూ వెనక్కూ పూర్తిగా కదులుతోందా, మధ్యలో ఆగుతోందా చూడండి. బెయిల్ చివర లైను జారే చిన్న చక్రం, అంటే లైన్ రోలర్‌ను గోరుతో తిప్పండి. రోలర్ మీద గోరు పట్టే గాడి ఉంటే దాన్ని మార్చాల్సిందే. ఆ గాడి లైనును కోసేస్తుంది.

రీలు ఇంకా కొనకపోతే ఈ పరీక్షలన్నీ అమ్మేవాడి ముందే చేయండి. బాడీకి పగులు, రాడ్డుకు బిగించే కాలికి వంపు, స్క్రూల తలలు చెదిరిపోవడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా బేరం తగ్గించండి, లేదా వదిలేయండి. రంగు పోవడం పెద్ద లోపం కాదు. అదే మోడల్‌లో ముక్కలకు పనికొచ్చే పాడైన రీలు చవగ్గా దొరికితే మాత్రం కళ్లు మూసుకుని కొనండి. విడిభాగాలకు అంతకంటే మంచి దుకాణం లేదు. మిచెల్ 300 చాలా ఏళ్లు తయారైంది, మధ్యలో లోపలి భాగాలు మారాయి. కాబట్టి పేరు ఒకటే అయినా ముక్కలు ఒకదానివి ఒకదానికి పట్టకపోవచ్చు. బాడీ మీది సీరియల్ నంబర్లు దగ్గరగా ఉన్న రెండు రీళ్లయితే ఆ ఇబ్బంది తక్కువ.

బల్ల మీద ఉండాల్సినవి

స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పూ మందమూ ఉన్న మైనస్ స్క్రూడ్రైవర్లు మూడు సైజుల్లో ఉండాలి. మిగతా పనిముట్లు ఎలా ఉన్నా ఇవి మాత్రం మంచివి తీసుకోండి. సన్నటి మూతి పటకారు, రోటర్ నట్టుకు సరిపోయే రెంచి, పాత టూత్‌బ్రష్‌లు రెండు, చెవి పుల్లలు, టూత్‌పిక్‌లు, అర లీటరు కిరసనాయిలు లేదా మినరల్ టర్పెంటైన్, గిన్నెలు కడిగే ద్రవం, మందం కొలిచే వెర్నియర్, ఐస్ ట్రే లేదా కోడిగుడ్ల ట్రే. నూనెకు కుట్టు మిషను నూనె చాలు. గ్రీజుకు మామూలు లిథియం గ్రీజు, రెండో నంబరు గట్టితనం ఉన్నది. సముద్రం మీద వాడేట్టయితే నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు. డ్రాగ్ కోసం విడిగా డ్రాగ్ గ్రీజు.

పెట్రోలు వాడకండి. మంట ప్రమాదం ఒకటి, రంగునూ ప్లాస్టిక్‌నూ పాడుచేయడం ఇంకొకటి. థిన్నరు, అసిటోన్ బాడీ దగ్గరికే రానీయకండి. అక్షరాలు చెరిగిపోతాయి. కాస్టిక్ సోడా కలిసిన క్లీనర్లు అల్యూమినియంను తినేస్తాయి. తుప్పు వదిలించడానికి వెనిగర్ పనికొస్తుంది కానీ ఉక్కు ముక్కలకే, అదీ గంటా రెండు గంటలే. బాడీని అందులో ముంచితే మచ్చలు పడతాయి.

విప్పడం

ఫోన్ కెమెరా పక్కనే పెట్టుకోండి. ఒక ముక్క తీసే ముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో. వాషర్లు ఏ వైపు పైకి ఉన్నాయో కూడా ఫొటోలో తెలియాలి. తీసిన ముక్కలను తీసిన వరుసలోనే ట్రేలో పెడుతూ పోండి. మళ్లీ బిగించడం ఆ ట్రేను వెనక నుంచి ముందుకు చదవడమే.

1. స్పూలు తీయండి. 300లో డ్రాగ్ నాబ్ మధ్యలోని బటన్ నొక్కి పైకి లాగితే వస్తుంది. రాకపోతే లోపల ఉప్పో గ్రీజో పట్టేసి ఉంటుంది. బటన్ చుట్టూ రెండు చుక్కల కిరసనాయిలు వేసి గంట ఆగండి. స్క్రూడ్రైవర్‌తో అంచు కింద పెట్టి పీకితే స్పూలు అంచు వంకరపోతుంది.

2. హ్యాండిల్ తీయండి. 300లో అది ప్రధాన గేరు ఇరుసులోకి మరతో బిగుస్తుంది. రోటర్‌ను కదలకుండా పట్టుకుని, లైను చుట్టే దిశకు వ్యతిరేకంగా హ్యాండిల్‌ను తిప్పితే ఊడుతుంది. వేరే మోడళ్లలో అవతలి వైపు చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని విప్పి హ్యాండిల్ లాగాలి.

3. పక్క మూత స్క్రూలు విప్పండి. ఒక్కో స్క్రూ ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోండి. పొడవులు వేరుగా ఉండొచ్చు. పొడవాటి స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే లోపల గేరుకు తగులుతుంది, లేదా బాడీ పగులుతుంది.

4. మూత తెరవగానే కనిపించేది గోధుమరంగు మైనం. భయపడకండి, దాన్ని టూత్‌పిక్‌తో గీకి తీయండి. ఇక్కడే చాలా ఫొటోలు తీయండి. 300లో స్పూలును ముందుకు వెనక్కు నడిపే అమరికకు ప్లానామాటిక్ అని పేరు. తిరిగే గేరు మీద ఇంకో చిన్న గేరు తిరుగుతూ స్పూలు కదలికను ప్రతి చుట్టుకూ కొంచెం మారుస్తుంది. అందువల్ల లైను ఒకే చోట ఒకదానిమీద ఒకటి పడదు, కింది వరుసలోకి దిగబడదు. గడియారం పని తెలిసిన ఊరివాళ్ల బుర్ర అది. కానీ చిన్న గేరు మీది పిన్ను, స్పూలు ఇరుసును నడిపే జారుడు ముక్క గాడిలోకి సరిగ్గా కూర్చోకుండా మూత బిగిస్తే స్పూలు సగం దూరమే కదులుతుంది, లేదా హ్యాండిల్ ఒకచోట ఆగిపోతుంది. స్పూలు ఇరుసు పూర్తిగా ముందుకు వచ్చి ఉన్నప్పుడు పిన్ను ఎక్కడుందో ఒక ఫొటో, పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు ఇంకొకటి తీసి ఉంచుకోండి.

5. రోటర్ నట్టు విప్పేటప్పుడు తొందరపడితే నష్టమే. దాని పక్కన చిన్న లాక్ స్క్రూ ఉందేమో ముందు చూడండి. నట్టుకు మామూలు మర ఉండొచ్చు, ఎడమ మర కూడా ఉండొచ్చు. ముందు ఒక దిశలో సుతారంగా, కదలకపోతే రెండో దిశలో అంతే సుతారంగా ప్రయత్నించండి. రెండు వైపులా కదలకపోతే నూనె వేసి రాత్రంతా ఉంచండి.

6. బెయిల్ స్ప్రింగు ఉన్న చిన్న మూత విప్పేటప్పుడు రీలును పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి పెట్టి విప్పండి. స్ప్రింగు ఎగిరితే సంచిలోనే పడుతుంది. బల్ల కింద టార్చి లైటుతో వెతకడం కంటే ఇది నయం. కంటికి అద్దాలు పెట్టుకోండి.

పట్టేసిన స్క్రూల సంగతి. తుప్పు విప్పే నూనె వేసి 12 నుంచి 24 గంటలు ఆగండి. తర్వాత సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద అర నిమిషం, నిమిషం పాటు ఆనించండి. వేడికి స్క్రూ, అల్యూమినియం వేర్వేరుగా వ్యాకోచించి పట్టు వదులుతాయి. మంట మాత్రం పెట్టకండి. స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిటారుగా ఆనించి చిన్న సుత్తితో రెండుసార్లు తట్టి, ముందు బిగించే దిశలో ఒక పిసరు తిప్పి, ఆ తర్వాత విప్పండి. పోయిన స్క్రూకు బదులు వెతికేటప్పుడు గుర్తుంచుకోండి: మిచెల్, కార్డినల్ యూరప్‌వి, మిల్లీమీటరు మరలు. పాత పెన్ రీళ్లవి అంగుళాల మరలు. ఒకదాని స్క్రూ ఇంకోదానిలో రెండు చుట్లు తిరిగి ఆగితే, అక్కడే ఆపేయండి.

కడగడం, చూడడం

లోహపు ముక్కలను కిరసనాయిల్లో అరగంట నానబెట్టండి. గ్రీజు మరీ రాయిలా ఉంటే రాత్రంతా. ఫెల్టు, తోలు, ఫైబర్ వాషర్లను అందులో వేయకండి, పొడి గుడ్డతో తుడిచి పక్కన పెట్టండి. బ్రష్‌తో పళ్ల మధ్య తోమాక గోరువెచ్చని నీళ్లలో గిన్నెల ద్రవం కలిపి ఇంకోసారి కడగండి. కిరసనాయిలు జిడ్డు మిగిలితే కొత్త గ్రీజు పలచబడి కారుతుంది. కడిగిన వెంటనే తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఉక్కు ముక్కలకు అదే గంటలో నూనె చేయి తగిలించండి. మన కోస్తా గాలికి ఒక రాత్రిలోనే పినియన్ మీద ఎర్రటి పొర వస్తుంది.

ఇత్తడి, కంచు గేర్ల మీద పచ్చటి చిలుము బ్రష్‌తో పోతుంది. అల్యూమినియం మీద తెల్లటి పొడి ఉప్పు చేసిన పని. నైలాన్ బ్రష్‌తో రుద్ది, కింద గుంటలు పడ్డాయేమో చూడండి. పైన పడ్డ గుంటలు చూడ్డానికి బాగోవు గానీ పనికి అడ్డం రావు. స్క్రూ రంధ్రం చుట్టూ పడితే మాత్రం మర నిలవదు.

ఇప్పుడు భూతద్దంతో గేరు పళ్లు చూడండి. పళ్ల అంచులు కత్తిలా సన్నబడితే అరిగినట్టు. ఒకే చోట నాలుగైదు పళ్లు మెరుస్తుంటే, అక్కడే భారం ఎక్కువ పడుతోంది. అంటే ఇరుసు వంగిందో, అది తిరిగే లోహపు తొడుగు (బుషింగు) అరిగిందో అర్థం. స్పూలు ఇరుసును అద్దం పలక మీద దొర్లించండి. కింద వెలుతురు సందు కనిపించి మాయమవుతుంటే వంపు ఉంది. కొద్దిపాటి వంపును చేతితో సరిచేయొచ్చు గానీ, ఎక్కువైతే ముక్కల రీలు నుంచి మార్చుకోవడమే మంచిది.

స్పూలు అంచు చుట్టూ దూదిని ఒకసారి తిప్పండి. ఎక్కడ దూది పోగులు చిక్కుకుంటే అక్కడ లైను కూడా చిక్కుకుంటుంది. 1000, తర్వాత 1500, చివర 2000 నంబరు వాటర్ పేపరు తడిపి అంచు గుండ్రంగా తేలేలా రుద్దండి. విసురు దూరం తగ్గడానికి కారణం చాలాసార్లు ఈ గీతలే. జనం మాత్రం రాడ్డును తప్పుపడతారు.

రంగు సంగతికొస్తే, బాడీకి మళ్లీ రంగు వేయాలన్న తహతహ ఆపుకోండి. అసలు రంగు సగం పోయిన మిచెల్‌కే సేకరించేవాళ్ల దగ్గర విలువ, ఆటో స్ప్రే కొట్టి మెరిపించినదానికి కాదు. గిన్నెల ద్రవంతో కడిగి, కారు మైనం పలచగా రాసి తుడిస్తే చాలు.

గ్రీజు, నూనె ఎంత, ఎక్కడ

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, తక్కువ పెట్టి కాదు, ఎక్కువ పెట్టి. మిచెల్ 300 సైజు రీలుకు మొత్తం రెండు మూడు గ్రాముల గ్రీజు సరిపోతుంది.  ప్రధాన గేరు పళ్ల లోతు నిండేలా బ్రష్‌తో రాయండి, పైకి ముద్దలు కనిపించకూడదు. జారుడు ముక్క గాడికి, పిన్నుకు ఒక పొర. స్పూలు ఇరుసుకు నూనె తడి మీద చాలా పలచటి గ్రీజు. బుషింగులకు నూనె. బాల్ బేరింగు ఉంటే రెండు చుక్కల నూనె, సముద్రానికైతే గ్రీజు.

లైన్ రోలర్‌కు ఒక చుక్క. బెయిల్ రెండు చివరలకు చెరో చుక్క. హ్యాండిల్ పిడికి ఒకటి రెండు చుక్కలు.

వెనక్కి తిరగకుండా ఆపే కొక్కేనికి గ్రీజు తగలనివ్వకండి, నూనె ఒక్క చుక్కే. జిడ్డు పట్టిన కొక్కెం చల్లటి తెల్లవారుజామున మెల్లగా పడుతుంది, ఒక్కోసారి పడనే పడదు. చేప పట్టిన క్షణంలో హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపులకు తగిలిందంటే చాలావరకు ఇదే కారణం. లేదంటే ఆ కొక్కేన్ని నెట్టే సన్నటి స్ప్రింగు విరిగి ఉంటుంది.

డ్రాగ్

డ్రాగ్ వాషర్ల పొర అర్థమైతే సగం పని అయినట్టే. కొన్ని లోహపు వాషర్ల మధ్య రంధ్రం చదునుగా కోసి ఉంటుంది, అవి ఇరుసుతో పాటు ఆగుతాయి. కొన్నిటికి బయట చెవులుంటాయి, అవి స్పూలుతో పాటు తిరుగుతాయి. ఈ రెండిటి మధ్యా ఫైబరో, ఫెల్టో, తోలో, టెఫ్లానో ఉన్న మెత్తటి వాషర్ ఉంటుంది. రాపిడి పుట్టేది ఈ రెండు రకాలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చినప్పుడే. ఇరుసుతో ఆగే రకం వాషర్లు రెండు పక్కపక్కనే పడితే వాటి మధ్య రాపిడి ఉండదు. నాబ్ ఎంత బిగించినా స్పూలు జారుతూనే ఉంటుంది.

లోహపు వాషర్లను అద్దం మీద పరిచిన 600 నంబరు పేపరు మీద గుండ్రంగా రుద్ది చదును చేయండి. మెత్తటి వాషర్ గాజులా మెరుస్తుంటే, అంచులు పొడిలా రాలుతుంటే కొత్తది వేయండి. వెర్నియర్‌తో బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం కొలిచి అదే కొలతలో కార్బన్ ఫైబర్ వాషర్ తెచ్చుకోవచ్చు. పెన్ కంపెనీ ఇలాంటివాటిని హెచ్‌టీ-100 పేరుతో అమ్ముతుంది. కొత్త పొర మందం పాతదాన్ని మించితే పైన పట్టి ఉంచే తీగ రింగు గాడిలో కూర్చోదు, చేప పరుగులో ఎగిరిపోతుంది.

కార్బన్, ఫెల్టు వాషర్లకు డ్రాగ్ గ్రీజు రాసి, గుడ్డతో తుడిచేయగా మిగిలినంతే ఉంచండి. టెఫ్లాన్‌ను పొడిగానే వదలండి. గేరుకు రాసే లిథియం గ్రీజు ఇక్కడ వద్దు. వేడెక్కితే పలచబడి, చల్లారితే జిగురై డ్రాగ్ కుదుపులు మొదలవుతాయి.

పరీక్షకు కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు కావాలి. లైను తెగే బరువులో నాలుగో వంతుకు పెట్టండి. 4 కిలోల లైనుకు ఒక కిలో. రాడ్డు వంచి, లైను రింగుల గుండా వెళ్లేలా చేసి మెల్లగా ఒక మీటరు లాగండి. ముల్లు మొదట ఒకటిన్నరకు ఎగిరి తర్వాత ఒకటికి పడిపోతే వాషర్లు అతుక్కుంటున్నాయి. లైను తెగేది ఆ మొదటి ఎగురులోనే. లాగుతూ ఉంటే ముల్లు ఒకచోట వణకకుండా నిలవాలి. లైను జారుతోంది కానీ డ్రాగ్ చప్పుడు లేదంటే డ్రాగ్ తప్పు కాదు. లైను చుట్ట మొత్తం స్పూలు మీద జారి తిరుగుతోంది. లైను మొదటి వరుస కింద ఒక చిన్న ముక్క టేపు అతికిస్తే ఆగుతుంది.

బెయిల్

మిచెల్ 300లోనూ, పాత పెన్, కార్డినల్ రీళ్లలోనూ ముందుగా విరిగేది బెయిల్ స్ప్రింగే. అది తీగ చుట్ట. మెలిక తిప్పితే బలం ఇచ్చే రకం. దొరికితే కొత్తది రెండు కొనండి, ఒకటి సంచిలో ఉండాలి. దొరకకపోతే పాతదాని తీగ మందం వెర్నియర్‌తో కొలిచి అదే మందంలో పియానో తీగ తెచ్చి చుట్టుకోవచ్చు. వదలగానే చుట్ట కొంచెం విప్పారుతుంది కాబట్టి, కావలసిన లోపలి వ్యాసం కంటే పది పదిహేను శాతం సన్నటి మేకు మీద చుట్టాలి. చుట్టే దిశ ముఖ్యం. బెయిల్ తెరిచినప్పుడు చుట్ట ఇంకా బిగుసుకోవాలి. విప్పుకునే దిశలో చుడితే నాలుగు రోజుల్లో సాగిపోతుంది.

బెయిల్ మూసుకోకపోవడానికి స్ప్రింగు కాక ఇంకో రెండు కారణాలున్నాయి. మొదటిది, తీగ వంగి రోటర్‌కు రాసుకోవడం. తీసి చేత్తోనే మెల్లగా సరిచేయండి. రెండోది, హ్యాండిల్ తిప్పినప్పుడు బెయిల్‌ను వదిలే మీట మూల అరిగి గుండ్రమవడం. నున్నటి ఆకురాయితో ఆ మూలను మళ్లీ పదునుగా చేయొచ్చు. కానీ ఒక్కసారే, రెండోసారికి లోహం మిగలదు. విసురు మధ్యలో బెయిల్ తనంతట తానే పడి ఎర తెగి ఎగిరిపోతుంటే, తెరిచి ఉంచే పట్టు అరిగింది. తాత్కాలికంగా, విసిరే ముందు లైన్ రోలర్ పైకి వచ్చేలా రోటర్‌ను తిప్పి ఉంచితే కొంత తగ్గుతుంది.

ఒక సలహా. బాగయ్యాక కూడా బెయిల్‌ను హ్యాండిల్‌తో కాకుండా చేత్తో మూయండి. స్ప్రింగుకూ మీటకూ ప్రతి విసురులో పడే దెబ్బ తప్పుతుంది, లైను మెలికలు కూడా తగ్గుతాయి. పెన్‌లో 706 జెడ్ అసలు బెయిల్ తీగే లేకుండా వచ్చింది. వేలితో లైనును రోలర్ మీదికి తేవాలి. విరిగే స్ప్రింగు గొడవే లేదని దాన్ని ఇష్టపడే సముద్రపు వేటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బిగించి తిప్పి చూడడం

వచ్చిన వరుసకు ఎదురుగా బిగించండి. గేరు కింద ఉన్న పలచటి వాషర్లు, కాగితం అంత సన్నవి కూడా, ఎక్కడివక్కడే పడాలి. అవి గేర్ల మధ్య సందును నిర్ణయిస్తాయి. ఒకటి తప్పిపోతే గరగరమంటుంది, ఒకటి ఎక్కువైతే బిగుసుకుంటుంది. మూత స్క్రూలను ఒకేసారి పూర్తిగా బిగించకుండా ఒక్కోటి సగం సగం బిగిస్తూ మధ్యమధ్య హ్యాండిల్ తిప్పి చూడండి. ఏ స్క్రూ బిగించినప్పుడు బరువుగా తిరిగిందో ఆ వైపు ఏదో సరిగ్గా కూర్చోలేదు.

బిగించాక యాభై చుట్లు మెల్లగా తిప్పండి. గ్రీజు పరుచుకునే కొద్దీ తేలికవుతుంది. తేలికవకుండా, ఒకే చోట బరువుగా ఉంటే మళ్లీ విప్పి ప్లానామాటిక్ పిన్ను చూడండి.

లైను చుట్టాక ఒక వైపు కుప్పపడుతుంటే స్పూలు ఎత్తు తేడా. ముందు అంచు దగ్గర పేరుకుంటే స్పూలు కింద ఒక పలచటి వాషర్ చేర్చండి, వెనక పేరుకుంటే ఒకటి తీయండి. ఇది డ్రాగ్ నాబ్ మరతో బిగిసే రీళ్లకు సులువు. 300 లాగా స్పూలు బటన్‌తో లాక్ పడే రకంలో వాషర్ చేరిస్తే లాక్ పడుతోందో లేదో తప్పక లాగి చూడండి.

లైను స్పూలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపల ఆగాలి. తక్కువైతే విసురు పొట్టిది, ఎక్కువైతే చుట్టలు చుట్టలుగా ఊడిపడుతుంది. ఈ రీలుకు నప్పేది 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్ల నైలాన్. ఇందులో స్పూలు రోటర్ గిన్నె లోపల కూర్చుంటుంది. ఇప్పటి రీళ్లలా స్పూలు అంచు బయటికి గొడుగులా ఉండదు. సన్నటి అల్లిక లైను వేస్తే వదులైన చుట్ట సందులోంచి స్పూలు వెనక్కి జారి ఇరుసుకు చుట్టుకుంటుంది. అలా చుట్టుకుంటే లాగకండి. స్పూలు తీసి విప్పాలి. గడ్డిలో, తామరాకుల్లో కప్ప ఎర వేసి కొరమీనును ఒక్క గుంజుతో బయటికి లాగాలంటే మందపాటి అల్లిక లైను, బిగించిన డ్రాగ్ కావాలి. ఆ పని పాత మిచెల్‌తో చేయించకండి, పినియన్ పళ్లు ఓర్వవు. చెరువులో శీలావతికి, కాలువలో చిన్న పండుగప్పకు ఇది హాయిగా సరిపోతుంది.

సముద్రపు ఒడ్డున వాడిన రోజు ఇంటికి రాగానే డ్రాగ్ నాబ్ బిగించి, మగ్గుతో మంచినీళ్లు మెల్లగా పైనుంచి పోయండి. కుళాయి ధారను నేరుగా పెడితే ఉప్పు లోపలికే పోతుంది. బకెట్లో ముంచడం కూడా అంతే. గుడ్డతో తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరనివ్వండి. రోలర్‌కు ఒక చుక్క నూనె వేసి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా గుడ్డ సంచిలో పెట్టండి. మూత విప్పి కడగడం మంచినీటిలో వాడితే ఏడాదికి ఒకసారి, ఉప్పునీటిలో వాడితే మూడు నాలుగు నెలలకు ఒకసారి చాలు.